విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యి

లోవరాజు మావయ్యగారికి,
మేనకోడలు ప్రశాంతి హైదరాబాదు నుంచి నమస్కరించి రాసేది.

ఫోన్ చేస్తే మీరు "భోంచేశావా?" దగ్గరే ఆగిపోతారు, అందుకే ఉత్తరం. అమ్మానాన్నా మస్కట్‌లో ఉన్నారు కనక, నేను ఇష్టపడ్డ ఆదిత్య తల్లిదండ్రులు ఆదివారం ఆలమూరు నుంచి మీ ఇంటికే వస్తున్నారు. ఈ సంబంధం మీ చేతుల్లో ఉంది. ఆదిత్య వాళ్ల నాన్న ప్రకాశరావుగారికి పేగుల జబ్బు. మా ల్యాబులో పరిశోధన కూడా దానిమీదే. పేగులో కొన్ని కణాలు క్రిములమీదికి యాంటీబాడీలు తయారుచేస్తుంటే, పక్కనే ఇంకొన్ని కణాలు "ఇక చాలు" అని ఆపుతుంటాయి. లేకపోతే మేలుచేసే క్రిములతోనూ, తిన్న తిండితోనూ కూడా పేగు తగువు పెట్టుకుంటుంది. అందుకని చూసి వడ్డించండి.

మీ ప్రశాంతి

తా.క. అక్క పెళ్లిలో వద్దని చెయ్యి అడ్డం పెట్టిన పెద్దమనిషి చేతిమీద నెయ్యి పోసింది మీరే.

చి. ప్రశాంతికి దీవెనలు.

అంతా అర్థమైందమ్మా. ఆ "చాలు" కణాలు మాత్రం కోనసీమవి కావు. అవి ఎక్కువైపోయి ప్రకాశరావుగారిని కడుపునిండా తిననివ్వడం లేదన్నమాట. ఆ సంగతి నాకు వదిలెయ్. పనసపొట్టు కూర, ఆవడలు, పూతరేకులు పురమాయించేను. ఆయన మొహమాటం నేను వదిలిస్తాను.

మీ మావయ్య

తా.క. నెయ్యి కాదు, పాయసం.

మావయ్యగారికి,

కొంప ముంచకండి. ఆయనకి ఆ కణాలు ఎక్కువ కాలేదు, వాటి మాటే సాగడం లేదు. పైగా ఎవరు వడ్డించినా కాదనలేని మనిషి. ఆయన తరఫున "చాలు" అనేవాళ్లు ఒకరుండాలి. ఆ కణం మీరే కావాలి. ఆదిత్యని వదులుకోవడం నా వల్ల కాదు మావయ్యా. భయంగా ఉంది.

ప్రశాంతి

తా.క. పార్సిల్ కట్టివ్వడం కూడా వడ్డనే.

చి. ప్రశాంతికి,

నువ్వు చెప్పినట్టే కణాన్నై ఆయన పక్కన కూర్చున్నాను. మీ బంగారమ్మత్త గరిటె ఎత్తినప్పుడల్లా ఆయన విస్తరికి నా చెయ్యి అడ్డం పెట్టేను. అలవాటు కొద్దీ అత్త నా చేతిమీదే పులుసు పోసేసింది. బొబ్బలెక్కింది. ఆయన భార్య సూర్యకుమారిగారైతే, ఇంటికి పిలిచి విస్తరికి అడ్డుపడే మర్యాద ఎక్కడా చూడలేదని చరచరా లేచి వెళ్లిపోయేరు. నీ సంబంధం చెడగొట్టేనని ఏడుపొచ్చింది నాకు.

పొద్దున్నే ప్రకాశరావుగారు ఫోన్ చేసేరు. "విందుకెళ్లొచ్చి హాయిగా నిద్రపోవడం ఇదే మొదలండీ. నాకోసం చెయ్యి కాల్చుకున్నవారితో వియ్యం వదులుకుంటామా? ముహూర్తం పెట్టించండి, ఆయ్" అన్నారు.

మీ మావయ్య

తా.క. సూర్యకుమారిగారి కోపం ఇంకా చల్లారలేదు. పెళ్లినాడు నాకు ఆవిడే దగ్గరుండి వడ్డిస్తారట. మీ ల్యాబులో ఆ "చాలు" కణాలుంటే నాకో సీసాడు పంపు.