పన్నెండింటి గంట

పాలకొల్లు, శుక్రవారం రాత్రి

ఈరోజుతో మా కాన్వెంటులో పదో తరగతి పాఠాలు అయిపోయాయి. లెక్కల సిస్టర్‌గారి చివరి క్లాసు మధ్యాహ్నం భోజనాలకి ముందు. బోర్డు మీద లెక్క చేస్తూ నేను మళ్ళీ మైనస్ గుర్తు వదిలేశాను.

"పరీక్షలో కూడా ఇలాగే రాస్తావా ఏంటి?" అని ఆవిడ గొంతు పెంచుతుండగానే, పక్కనున్న చర్చిలో పన్నెండింటి ప్రార్థన గంట మోగింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నేను ఎప్పట్లాగే గోవింద నామాలు అనుకున్నాను. నా పెదవులు ఏం పలుకుతున్నాయో ఆవిడకి మొదటినుంచీ తెలుసు. ఒక్కసారీ ఏమీ అనలేదు.

కళ్ళు తెరిచి, "ఏమంటున్నాను?" అన్నారు.

"ఏమీ అనట్లేదండి సిస్టర్!" అని క్లాసంతా అరిచింది.

గంట మోగాక ఆవిడ మళ్ళీ తిట్టడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న నన్ను చేర్చబోయే రాజమండ్రి కాలేజీలో రాత్రి దాకా చదివిస్తారట. అక్కడ తిట్టేవాళ్ళని ఏ గంట ఆపుతుందో...

సాయంత్రం వచ్చేసేటప్పుడు సిస్టర్‌గారిని అడిగేశాను. "గంట మోగాక ఎందుకు తిడుతున్నారో నిజంగా మర్చిపోతారాండీ?"

"మర్చిపోవడమేంటమ్మా, అంతా గుర్తుంటుంది. ఆ గంట నా కోపం ఆపడానికే కొడుతున్నారనుకుంటాను, అంతే."

కళ్ళు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చాను. వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"మైనస్ గుర్తు!"