రక్తం పలచన చేసే మాత్ర

ఆగస్టు 4, సోమవారం
గుంటూరు గుండె డాక్టరు దగ్గర్నుంచి ఇప్పుడే గురజాల చేరాం, అమ్మా నేనూ. ఇన్నాళ్ళ దడకి ఇవాళ పేరు దొరికింది. గ్యాసూ కాదు, దిష్టీ కాదు. చిన్నప్పటి కీళ్ళ జ్వరం గుండె కవాటాన్ని పాడు చేసిందట. అందుకే లయ తప్పి కొట్టుకుంటోంది. లోపల నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకి వెళితే — పక్షవాతం.
"నాకు ముప్పై నాలుగే కదండీ?"
"అది వయసు అడిగి రాదమ్మా" అన్నాడు డాక్టరు.
స్కూల్లో ఆడపిల్లల ఖోఖో జట్టుకి ఆట నేర్పేది నేనే. పరిగెత్తకూడదు, నిలబడి ఆడించవచ్చు అన్నాడు. బతికించాడు.

ఆగస్టు 6
రోజూ సాయంత్రం ఒక మాత్ర. రక్తాన్ని పలచన చేస్తుంది. ఆ ఒక్క మాట అమ్మ చెవిన పడింది... ఇల్లు పీకి పందిరేస్తోంది.
"పాలూ గుడ్లూ పెట్టి పెంచిన రక్తం. పలచన చేస్తాడంటనా? ఏం డాక్టరంట ఆయన? రక్తం పలచనైతే మనిషి పలచనవదూ?"
నవ్వాను. నవ్వినందుకు తిట్లు.

ఆగస్టు 11
పొద్దున మునగాకు పప్పు. మధ్యాహ్నం గోంగూర. రాత్రి తోటకూర. మేకనైపోతున్నాను. కానీ అమ్మ చేతి గోంగూర వద్దనే నోరు కాదు నాది.

ఆగస్టు 20, ఆస్పత్రి
రాయగలుగుతున్నాను. ముందు ఆ మాట రాసుకోవాలి.
మొన్న గ్రౌండులో చేతిలోంచి ఈల జారింది. తీద్దామంటే వేళ్ళు మాట వినలేదు. "మొదలుపెట్టండి" అనబోతే మాట ముద్దగా వచ్చింది. ఆటపట్టిస్తున్నాననుకుని పిల్లలు నవ్వారు. తెలుగు టీచరు సుజాత నవ్వలేదు. "ఏదీ, రెండు చేతులూ ఎత్తు." ఒకటే లేచింది. ఎవరో నిమ్మరసం అన్నారు, ఎవరో ఇంటికి పంపమన్నారు. అందరినీ కసిరి నన్ను కారెక్కించింది. నరసరావుపేట చేరేలోపే మాట తిరిగొచ్చింది, చెయ్యి కూడా. గడ్డ దానంతటదే కరిగిందట. ఈసారికి.
చాలా భయపడ్డాను.

ఆగస్టు 21
రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ — "అసలు మాత్రలు వేసుకుంటున్నావా? ఏం తింటున్నావు?"
నేను నోరు తెరిచేలోపే అమ్మ, గర్వంగా — "రక్తం చిక్కబడాలని మూడు పూటలా ఆకుకూరేనమ్మా!"
డాక్టరమ్మ తిట్టలేదు. ఆకుకూర మంచిదే, ఒక్కసారిగా అంత తింటే ఈ మాత్ర పని చేయదు, రోజూ ఒకే కొలతలో తినాలి అంది. పలచన అంటే నీరసం కాదట, గడ్డకట్టకుండా పారడమట.
అమ్మ నా చెయ్యి వదల్లేదు. "నా చేత్తోనే పెట్టానే..."
కోపం రావలసింది. రాలేదు.

సెప్టెంబరు 9
మాత్ర మింగేదాకా అమ్మ ఎదురుగా నిలబడుతోంది. గోంగూరకి చిన్న గిన్నె కొలత. ఇవాళ పక్కింటి పిన్నిని పట్టుకుంది — "పక్షవాతం ముసలోళ్ళకే అనుకోమాకే. నీ కొడుక్కి దడంటన్నావుగా, గ్యాసని కూర్చోమాక. రేపే ఈసీజీ తీయించు." పాఠం నాకంటే బాగా చెబుతోంది!

సెప్టెంబరు 10
మళ్ళీ పరీక్ష. రక్తం ఎంత పలచన ఉండాలో అంతే ఉంది! ల్యాబులోనే చేయెత్తి జై కొట్టాను. అందరూ చూశారు. చూడనీ.

సెప్టెంబరు 19, శుక్రవారం
గెలిచాం! మాచర్ల జట్టు మీద, ఒక్క పాయింటుతో. గ్రౌండు గీత అవతల నిలబడే ఆడించాను. పిల్లలు నన్ను పైకెత్తితే జనంలోంచి అమ్మ అరుపు — "ఒసేయ్, దించండే దాన్ని!"
ఇంటికొచ్చి కూర్చున్నాను. గుండె దడదడలాడుతోంది. సంతోషమా... అదేనా?
లయ తప్పిందేమో చూద్దామని మణికట్టు మీద వేలు పెట్టబోయి మానేశాను. ఇంకాసేపు సంతోషమనే అనుకుంటాను.