లవంగం చాలలేదు బావా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు లెక్కలు రాసేశాక నీకూ ఒక సంగతి రాస్తున్నాను.

అమెరికా వచ్చి అరోరాలో మనం పెట్టిన షాపు నడుస్తోంది. వండి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే చికెన్ ఫ్రైని ఇప్పుడు నేనొక్కణ్ణే రోజూ వండుతున్నాను. అది ఇంకో రెండు మూడు రోజులు నిలవుంటే వారానికి రెండుసార్లు వండితే చాలు. కానీ ఫ్రిజ్ చల్లదనంలోనూ మాంసంలో పెరిగే బ్యాక్టీరియా ఉంటుందట. లవంగాల సారంతో దాన్ని ఆపవచ్చేమోనని, యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్న శ్రావణి అనే మన తెలుగమ్మాయి పరీక్షలు చేస్తోంది. లవంగం పడితే కూర చెడదని నువ్వు వాదించేవాడివి కదా, నాకూ ఆశ పుట్టింది.

ఇవాళ శ్రావణి, పరీక్ష కోసం బ్యాక్టీరియా కలిపినవి కాకుండా, లవంగాల సారం మాత్రమే పట్టించిన చికెన్ ముక్కలు రుచి చూడమని తెచ్చింది.

"ఫ్రాంక్‌గా చెప్పండి అంకుల్."

"పంటి నొప్పి మందులా ఉందమ్మా."

"యూనివర్సిటీలో రుచి చూసిన ప్యానెల్‌లో అందరూ అదే అన్నారు," అని నవ్వేసింది. "బ్యాక్టీరియా మాత్రం బాగా కంట్రోల్ అయింది."

"సారం సగానికి తగ్గిస్తే?"

"తినొచ్చు అంకుల్. కానీ బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతోంది. ఎక్స్‌ట్రా డేస్ ఉంచమని నేను చెప్పలేను."

నువ్వుంటే ఆ ముక్క నములుతూ, "బామ్మర్దీ, దీన్ని పళ్ల డాక్టర్ పక్కన పెట్టి అమ్ముదాం రా" అనేవాడివి. నాకలాంటి మాటలు రావు. థాంక్స్ చెప్పి పంపించాను.

తర్వాత రేపటి చికెన్‌కి ఉల్లిపాయలు తరిగాను. నువ్వు పొయ్యి దగ్గర ఉన్నన్నాళ్లూ నా పని అదొక్కటే.