మాస్టారి ఫెయిర్ కాపీ

ఉంగుటూరు,
బుధవారం.

వేంకటాచలం మాస్టారికి నమస్కారాలండీ.

మన ఆడపిల్లల ఫుట్‌బాల్ టీము లెక్కల పుస్తకం మీరు నాకు అప్పజెప్పాక మూడుసార్లు చదివాను. రెండేళ్ళ లెక్కలో ఒక్క కొట్టివేత లేదు. అంతా ఒకే పెన్ను, ముత్యాల్లాంటి అక్షరాలు. నాకు భయమేసింది అందుకేనండీ.

ఏలూరు వెళ్ళొచ్చిన ఆటో, పిల్లలకి కొన్న నిమ్మకాయలు, అన్నీ సరిగ్గా వందల్లోనే తేలాయి. చిల్లర ఎక్కడికి పోయిందండీ? వానకి రద్దయిన పెంటపాడు మ్యాచ్‌కి కూడా అరటిపళ్ళు కొన్నట్టుంది. ఆ రోజు మా అమ్మాయి క్రిస్టినా జెర్సీ వేసుకుని సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చుంది.

బిల్లులూ రఫ్ పుస్తకమూ అడిగితే, "ఫెయిర్ చేశాక అవెందుకమ్మా, పారేశాను" అన్నారు. అరిగిన సుద్దముక్కలు కూడా దాచే మనిషి మీరు.

ఆదివారం చర్చి అయ్యాక పిల్లల తల్లిదండ్రులు లెక్క చూడటానికి వస్తున్నారు. నాట్లకి వెళ్ళిన కూలిలోంచి నెలకి వంద కట్టినవాళ్ళు వాళ్ళు. పుస్తకం ఇంకా ఎవరికీ చూపించలేదు. శనివారం లోపు ఆ రఫ్ పంపించండి. అందులో తప్పులుంటే ఉండనివ్వండి, వాళ్ళకి నేను నచ్చజెప్పుకుంటాను.

ఎనిమిదో తరగతిలో నా ఆన్సరు కరెక్టే అయినా, స్టెప్పులు లేవని మీరు సున్నా వేశారు. కాపీ కొట్టానన్నారు. నేను కొట్టలేదండీ. అయినా ఆ రోజు నుంచి ఒక్క రఫ్ కాగితం పారేయలేదు.

మీ స్టెప్పులు చూపించండి మాస్టారూ. మీకు సున్నా వేయడానికి నాకు చేతులు రావడం లేదు.

ఇట్లు,
మీ పాత విద్యార్థిని