ఎనుము గాదు, గేదె అను

ప్రొద్దుటూరు,
బుధవారం.

అమ్మా, మేం ముగ్గురం బాగున్నాం, ముందా మాట నమ్ము. నీ ఫోను నాలుగు రోజులుగా పలకడం లేదు, అందుకే ఈ కార్డు.

చందనకు మూడేళ్లు నిండుతున్నా మాటలు రాలేదు కదా. చెవులు బాగానే ఉన్నాయట. రోజూ బొమ్మల పుస్తకం ముందేసుకుని మాట్లాడించమన్నాడు డాక్టరు. నెల్లాళ్లు నేనొక్కడినే వాగాను. మొన్న ఆదివారం పేజీ తిప్పగానే అది నల్లటి బొమ్మ మీద వేలు పెట్టి "ఎనుము" అంది, అచ్చం నీలాగే. నేనేం చేశానో తెలుసా? కింద అచ్చేసిన మాట చూసి, "ఎనుము గాదు, గేదె అను" అన్నాను. రేపు బడిలో నవ్వుతారని నా భయం. అది పుస్తకం మూసేసింది. మళ్లీ నోరు విప్పలేదు.

"బిడ్డ ఇప్పుడిప్పుడే నోరు తెరిస్తే నువ్వే మూసినావు గదా!" అని నీ కోడలు గౌరి ఇంకా తిడుతూనే ఉంది. అంగట్లో నాకు కాలు నిలవడం లేదు. పంచె అడిగిన వాళ్లకు చీర తీస్తున్నాను.

ఈ ఆదివారం తొండూరులో మొదటి బస్సెక్కి రా. పుస్తకం నువ్వే పట్టుకుని నీ మాటల్లోనే చెప్పు. మన ఎనుము ఈనిందా? పెయ్యా, దున్నా? నీ మోకాలికి నూనె రాస్తున్నావా, మరిచావా? వచ్చేటప్పుడు కొర్రలు తే.

నీ దీవెన నాకంటే ముందు దానికి కావాలి.

మనోహర్

తా.క. పుస్తకంలో గేదె కొట్టేసి ఎనుము అని రాస్తుంటే చందన చూసి నా పెన్ను లాక్కుంది. ఈ కార్డు మూలనున్నది సిరా మరక కాదు, ఎనుము. కొమ్ములు మూడు వేసింది. నేను దిద్దలేదు.