కవిగారి మంచం

ఒరేయ్ మస్తాన్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఊళ్లో కవిగారు పుట్టిన ఇంటిని మ్యూజియం చేశారు. లోపల ఒక నులక మంచం పెట్టి, ఎవరూ ముట్టకుండా చుట్టూ తాడు కట్టారు.

"ఆయన పుట్టింది దీని మీదేనండి," అన్నాడు కాపలా ఆయన.

నాకు అనుమానం వచ్చి వంగి చూశాను. నులక ముడి ఎడమచేతి వాటం. అలా వేసేది నువ్వొక్కడివే. వాసన చూస్తే తుమ్మొచ్చింది. మిరప కళ్లంలో కాపలాకి నువ్వు అల్లిన మంచమేరా అది!

"ఏంటండీ, అట్టా తుమ్ముతున్నారు?"

"కవిత్వం ఘాటయ్యా!"

నిజం చెబితే దాన్ని బయట పారేస్తారు. నీ చేతిపని మిగిలింది అదొక్కటే. అందుకే చెప్పులు వదిలి దణ్ణం పెట్టాను. బతికుండగా నీకెప్పుడైనా పెట్టానంట్రా?