పసుపు బనీనులో మారథాన్

అమ్మా, పాండు దండాలు. బాగుండాను. ఫోన్లో చెప్తే నడిమధ్యలోనే తిడతావని కార్డు రాస్తున్నా.

మొన్న ఆదివారం ఇక్కడ కేజీఎఫ్‌లో మారథాన్ పరిగెత్తినాను. గనుల్లో దుమ్ము మింగి ఊపిరితిత్తులు చెడిన పెద్దోళ్ళకి ఆక్సిజన్ మిషన్లు కొనేదానికి పెట్టిన పరుగు. అందరికీ పసుపు బనీన్లు ఇచ్చినారు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ దాటేసరికి బూట్లు కరిచినాయి, విప్పి చేతిలో పట్టుకున్నా. కాళ్ళు పట్టేసినాయి. బడి మాదిరే, పట్టిన పనులన్నిటి మాదిరే దీన్నీ సగంలో వదిలేద్దామని గని కూలోళ్ళ లైన్ల ఇండ్ల దగ్గర నిలబడిపోయినాను.

పసుపు గుడ్డ, వట్టి కాళ్ళు చూసి, గుడికి మొక్కు తీర్చను పోతా ఉండాననుకొని మారమ్మవ్వ అనే ముసలామె బిందె ఎత్తుకొచ్చి, నా కాళ్ళకి పసుపునీళ్ళు పోసి మొక్కింది.

"అవ్వా, ఇది మొక్కుబడి కాదు, పరుగు!" అన్నాను.

"ఎవురికోసరం నాయనా?"

చెప్పినాను.

"మా ఇంటాయన కూడా ఊపిరాడకనే పోయినాడప్పా. అట్లయితే ఇది మొక్కుబడే. నీళ్ళు పోసినాక యాడా నిలబడకూడదు, పో!" అని తరిమింది.

ఇంగ ప్రతి గడపలోనూ నీళ్ళే! అందరికన్నా కడాన వచ్చినా, ముగించినానమ్మా.

ఎర్రావు ఈనిందా? సవితక్క ఇటు వస్తే నిమ్మకాయ ఊరగాయ ఇచ్చి పంపు. కాళ్ళ బొబ్బలు మానతా ఉండాయి, భయపడొద్దు.

మొక్కుబడి అంటే మూడేండ్లు తీర్చాలంట, ఒక్కసారితో సరి అంటే మారమ్మవ్వ ఒప్పుకోలేదు. కాబట్టి ఇంకా రెండేండ్లు నేను ఈ ఊరు వదిలేది లేదు. 'వీడు యాడా నిలబడడు' అనే అప్పకి ఈ ముక్క రెండుసార్లు చదివి చెప్పు.

నీ పాండు